టీనేజీ పిల్లల్లో వెన్ను వంకర, వ్యాయామ చికిత్స: గోదావరి డెల్టా తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఫిజియోథెరపిస్టుని. పాలకొల్లు, రాజోలు, అమలాపురం, మండపేట వైపు నుంచి పిల్లల్ని తీసుకొచ్చే అమ్మానాన్నలు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలివి. ఇక్కడ చెప్పేదంతా పదేళ్ళు దాటాక, ఒళ్ళు ఎదిగే వయసులో, ఫలానా కారణమని తేలకుండా వచ్చే స్కోలియోసిస్ (వెన్ను పక్కకు వంకరపోవడం) గురించే. పుట్టుకతో వచ్చిన వంకరకు, నరాల జబ్బు వల్ల వచ్చిన వంకరకు దారి వేరు.

ఓణీల ఫంక్షనుకి జాకెట్టు కొలతలు తీస్తూ టైలరు "పాపకి ఒక భుజం దిగి ఉందండీ" అన్నాడు. పట్టించుకోవాలా?

పట్టించుకోవాలి. మన వైపు ఈ వంకరను మొదట కనిపెట్టేది చాలాసార్లు టైలరే, కాకపోతే జడ వేసే అమ్మమ్మ. పదేళ్ళు దాటిన ఆడపిల్ల ఇంట్లోవాళ్ళ ముందు కూడా వీపు కనబడనివ్వదు. పైన వదులు చుడీదారు, దాని మీద చున్నీ. పైగా ఈ వంకర మొదట్లో నొప్పి పెట్టదు. అందుకే చూసేసరికి ముదిరిపోయి ఉంటుంది.

ఇంట్లోనే ఒక పరీక్ష చేయొచ్చు. పాదాలు రెండూ దగ్గరగా పెట్టి, మోకాళ్ళు వంచకుండా, అరచేతులు జోడించి కిందికి వదిలేసి, నడుము దగ్గరనుంచి ముందుకు వంగమనండి. మీరు వెనక స్టూలు మీద కూర్చుని, మీ కళ్ళు పాప వీపు మట్టానికి వచ్చేలా చూడండి. ఒకవైపు పక్కటెముకలు గాని, నడుము పక్కనుండే కండ గాని రెండోవైపు కన్నా లేచి కనబడితే ఎముకల డాక్టరుకి చూపించండి. విలియం ఆడమ్స్ అనే ఇంగ్లండు సర్జన్ 1865లో చెప్పిన పరీక్ష ఇది. ఇప్పటికీ దీన్ని మించిన తేలిక పరీక్ష లేదు. మేమైతే వీపు మీద స్కోలియోమీటర్ అనే వాలు కొలిచే చిన్న పరికరం పెట్టి కొలుస్తాం. 5 నుంచి 7 డిగ్రీల వాలు కనబడితే ఎక్స్‌రే తీయిస్తాం.

నిలబడినప్పుడు భుజాలు ఎగుడుదిగుడుగా ఉండి, వంగినప్పుడు వీపు సమంగా ఉందంటే అది నిలబడే తీరు వల్ల కావచ్చు, కాళ్ళ పొడవులో తేడా వల్ల కావచ్చు. అదీ ఒకసారి చూపించడమే మంచిది.

బరువైన స్కూలు బ్యాగు వల్ల వచ్చిందా? ఫోను చూస్తూ వంగి కూర్చోవడం వల్లా? మాది మేనరికం, దానివల్లా?

బ్యాగు వల్ల నడుము నొప్పి వస్తుంది గానీ స్కోలియోసిస్ రాదు. వంగి కూర్చున్నా రాదు. కాబట్టి "నిటారుగా కూర్చోమంటే విన్నావా" అని పిల్లని తిట్టకండి. తను చేసిన తప్పేమీ లేదు.

పిల్లల్లో వచ్చే స్కోలియోసిస్‌లో దాదాపు 80 శాతానికి ఫలానా కారణమని చెప్పలేం. వంశంలో ఉంటే వచ్చే అవకాశం పెరుగుతుంది, అందుకే తోబుట్టువుల వీపు కూడా చూడమంటాం. దగ్గరి చుట్టరికం లేని దంపతుల పిల్లలకూ ఇది ఇలాగే వస్తుంది. ఎదిగే పిల్లల్లో నూటికి ఇద్దరు ముగ్గురికి ఎంతో కొంత ఉంటుంది. మేనరికం పేరు చెప్పి తల్లిని ఆడిపోసుకునే పెద్దవాళ్ళకు ఈ మాట గట్టిగానే చెప్పండి.

చిన్న వంకరలు ఆడపిల్లల్లో, మగపిల్లల్లో ఇంచుమించు సమానంగానే ఉంటాయి. పెరిగి చికిత్స దాకా వచ్చేవాళ్ళలో మాత్రం ఆడపిల్లలే చాలా ఎక్కువ.

ఎక్స్‌రే రిపోర్టులో "కాబ్ 22" అని రాశారు. అంటే ఎంత?

వంకర ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చూసి, ఆ రెండు వెన్నుపూసల వాలును కొలిస్తే వచ్చే కోణం అది. 10 డిగ్రీల లోపుంటే దాన్ని స్కోలియోసిస్ అనరు. 10 నుంచి 25 దాకా అయితే కనిపెట్టుకుని ఉండటం, దానికని ఉన్న వ్యాయామాలు చేయించడం. ఇంకా ఎదుగుతున్న బిడ్డకు 25 దాటితే బ్రేస్ (వెన్నును పట్టి ఉంచేలా ఒంటికి బిగించే గట్టి తొడుగు) మాట వస్తుంది. 45, 50 దాటితే ఆపరేషన్ గురించి మాట్లాడుకోవాలి.

అయితే ఆ అంకె ఒక్కటే చూస్తే లాభం లేదు. బిడ్డ ఇంకా ఎంత ఎదగాలి అన్నది అంతకన్నా ముఖ్యం. తుంటి ఎముక పైఅంచున ఎదుగుదల పొర ఎంతవరకు వచ్చిందో చూసి రిస్సర్ 0 నుంచి 5 వరకు అంకె వేస్తారు. 0 అంటే ఇంకా చాలా ఎదగాలి, 5 అంటే ఎదుగుదల ముగిసింది. 1984లో అమెరికాలో వెలువడిన ఒక పేరున్న పరిశీలనలో, 20 నుంచి 29 డిగ్రీల మధ్య వంకర ఉండి రిస్సర్ 0 లేదా 1లో ఉన్న పిల్లల్లో 68 శాతం మందికి వంకర పెరిగింది. అదే వంకరతో రిస్సర్ 2 నుంచి 4 మధ్య ఉన్నవాళ్ళలో 23 శాతం మందికే పెరిగింది. అంటే పదకొండేళ్ళ పాపకు 22 డిగ్రీలంటే తొందరపడాలి. పదహారేళ్ళ అమ్మాయికి అదే 22 అయితే కొంత నిదానించవచ్చు.

ఇక్కడ మన ఆచారం డాక్టరుకి పనికొస్తుంది. ఆడపిల్లలు రజస్వల కావడానికి కొన్ని నెలల ముందు అన్నిటికన్నా వేగంగా పొడుగవుతారు. ఆ తర్వాత వేగం తగ్గి, రెండేళ్ళలో ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది. మన ఇళ్ళల్లో ఆ తేదీ ఎవరూ మర్చిపోరు, ఫంక్షను చేసి ఆల్బమ్ కూడా వేయిస్తాం. సిగ్గుపడకుండా ఆ తేదీని డాక్టరుకి చెప్పండి. అలాగే మూడు నెలలకోసారి గోడకు నిలబెట్టి ఎత్తు గీత గీసి, పక్కన తేదీ రాయండి.

సూటిగా చెప్పండి: వ్యాయామంతో వంకర తగ్గుతుందా?

చిన్న వంకర పెరగకుండా ఆపడానికి పనికొస్తుంది. కొందరికి కొన్ని డిగ్రీలు తగ్గుతుంది కూడా. పెద్ద వంకరను సాఫు చేయడం వ్యాయామం వల్ల కాదు. "మూడు నెలల్లో 40 డిగ్రీలు మాయం" అని యూట్యూబులో ఎవరన్నా చెబితే ఆ వీడియో అక్కడే ఆపేయండి.

ఇటలీలో 110 మంది పిల్లల మీద జరిపిన అధ్యయనం 2014లో వచ్చింది. అందరికీ 25 డిగ్రీల లోపు వంకరే. తన వంకరను తానే సరిదిద్దుకుని నిలబెట్టే వ్యాయామాలు నేర్పినవాళ్ళకు ఎదుగుదల ముగిసేసరికి సగటున 5 డిగ్రీలు తగ్గింది. మామూలు వ్యాయామాలు చేసినవాళ్ళకు తగ్గలేదు. కెనడాలో 50 మందితో జరిగిన మరో అధ్యయనం 2016లో వచ్చింది. అందులో మామూలు చికిత్సతోపాటు ఆరు నెలలు ష్రాత్ అనే జర్మన్ పద్ధతి వ్యాయామాలు (కింద వివరిస్తాను) చేసినవాళ్ళు, చేయనివాళ్ళ కన్నా మూడు నాలుగు డిగ్రీలు మెరుగ్గా ఉన్నారు.

ఈ అంకెలు విని ఎక్కువ ఆశ పెట్టుకోకండి. ఒకే ఎక్స్‌రేని ఇద్దరు డాక్టర్లు కొలిస్తేనే 5 డిగ్రీల దాకా తేడా రావచ్చు. కాబట్టి ఒక ఎక్స్‌రేలో 22, తర్వాతి దానిలో 19 వచ్చిందని సంబరపడటం గాని, 25 వచ్చిందని బెంగపెట్టుకోవడం గాని వద్దు. వరసగా రెండు మూడు ఎక్స్‌రేలు ఎటు పోతున్నాయో చూడాలి. ఎదిగే రెండు మూడేళ్ళూ వంకర పెరగకుండా ఉంటే అదే గెలుపు. నా దగ్గరకొచ్చే ప్రతి ఇంటికీ మొదటి రోజే ఈ మాట చెబుతాను, ఎందుకంటే "తగ్గలేదు" అని మధ్యలో మానేసిన పిల్లలే ఆ తర్వాత ఇబ్బందిపడతారు.

యోగా చాలదా? ఈత? జిమ్‌లో చేరిస్తే?

యోగా మంచిదే, ఈత మంచిదే. రెండూ ఒంటికి బలం, ఊపిరికి బలం. కానీ అవి వంకరను ఆపుతాయని చెప్పడానికి ఆధారం లేదు. ఎందుకో చెబుతాను. స్కోలియోసిస్‌లో వెన్ను ఒక పక్కకు ఒరగడమే కాదు, తడిబట్టను పిండినప్పుడు మెలితిరిగినట్టు తన చుట్టూ తానే తిరుగుతుంది. ఆ తిరగడం వల్లే వీపున ఒకవైపు ఎముకలు ఉబ్బి, రెండోవైపు లోపలికి పోతాయి. సూర్యనమస్కారాల్లో గాని, ఈతలో గాని రెండువైపులా ఒకేలా పనిచేస్తాయి. ఈ పిల్లలకు కావలసింది రెండువైపులా వేర్వేరు పని: ఇటు తెరవాలి, అటు దగ్గరకు లాగాలి, తిరిగినదాన్ని వెనక్కి తిప్పాలి. ఏవైపు ఏది అన్నది ఎక్స్‌రే చూస్తే గాని తెలియదు. ఒకే ఇంట్లో అక్కాచెల్లెళ్ళిద్దరికీ వంకర ఉన్నా ఒకరి వ్యాయామం ఇంకొకరు చేయకూడదు.

యోగా గురువుగారు ఉంటే మానిపించనక్కర్లేదు. వెన్నును బాగా వెనక్కి విరిచే ఆసనాలు, మెలితిప్పే ఆసనాలు మాత్రం మీ ఫిజియోథెరపిస్టుని అడిగాకే చేయించండి.

ష్రాత్ పద్ధతి అంటారు, అదేమిటి?

కాథరీనా ష్రాత్ జర్మనీ ఆవిడ. 1894లో పుట్టారు. ఆమెకే స్కోలియోసిస్ ఉండేది, పదహారేళ్ళ వయసులో ఉక్కు బ్రేస్ వేశారు. అద్దం ముందు నిలబడి, లోపలికి పోయిన వైపుకు ఊపిరి నింపితే అది మెల్లగా పైకి లేస్తుందని ఆమె తన ఒంటి మీదే గమనించారు. 1921లో మైసెన్ ఊళ్ళో ఇతరులకు నేర్పడం మొదలుపెట్టారు. తర్వాత ఆమె కూతురు క్రిస్టా ఈ పనిని ముందుకు తీసుకెళ్ళారు. ఇటలీలో సీస్, స్పెయిన్‌లోని బార్సిలోనా బడి, పోలండ్, ఫ్రాన్స్ పద్ధతులు ఇలాంటివే మరికొన్ని ఉన్నాయి. పేర్లు వేరైనా అసలు పని ఒకటే: తన వంకర ఎలాంటిదో బిడ్డకే తెలియాలి, దాన్ని తానే సరిచేసుకుని పట్టి ఉంచాలి, అలా పట్టి ఉంచే రోజూ నడవాలి, కూర్చోవాలి.

ఒక వ్యాయామం ఎలా సాగుతుందో చూడండి. పాపకు ఛాతీ దగ్గర వెన్ను కుడివైపుకు ఒరిగింది అనుకుందాం, ఎక్కువమందికి అలాగే ఉంటుంది. బీరువా అద్దానికి ఎదురుగా స్టూలు వేసి కూర్చోబెడతాం. పాదాలు రెండూ నేలకు ఆనాలి, పిరుదులు రెండింటి మీదా బరువు సమానంగా పడాలి. ముందు నడి నెత్తిని పైకి సాగదీయమంటాం. భుజాలు ఎత్తకుండా, మెడ పొడుగవ్వాలి. తర్వాత కుడి పక్కకు జరిగిన ఛాతీని, నడుము కదలకుండా, మెల్లగా మధ్యకు తెమ్మంటాం. మొదట్లో పిల్లలు ఇక్కడే తికమకపడతారు, ఛాతీకి బదులు తల వంచేస్తారు. ఇప్పుడు ఎడమవైపు వీపు మీద, లోపలికి పోయినచోట నేను చెయ్యి ఆనించి "నా చేతిని నీ ఊపిరితో తొయ్యి" అంటాను. ముక్కుతో తీసిన గాలి అక్కడికే వెళ్ళాలి. ఊపిరి వదిలేటప్పుడు సరిచేసిన ఆకారం చెదరకుండా కండలన్నీ బిగించి పట్టాలి. కొన్ని ఊపిరులయ్యేసరికి పాప నుదుటి మీద చెమట పడుతుంది. చూసేవాళ్ళకు ఊరికే కూర్చున్నట్టే ఉంటుంది. బయట వరండాలో కూర్చున్న నాన్నగారు "ఏం చేయించారండీ, కదల్లేదు కదా" అంటారు.

పడుకుని చేసేవాటిలో చిన్న బియ్యం సంచులు వాడతాం. జర్మనీలోనూ బియ్యం సంచులే వాడతారు. మీరు పాత నూలు గుడ్డతో గుప్పెడు బియ్యం పట్టే సంచి కుట్టుకుంటే సరిపోతుంది. వెల్లకిలా పడుకున్నప్పుడు ఉబ్బిన ఎముకల కింద అది ఉంటే తిరిగిన ఛాతీ వెనక్కి తిరగడానికి సాయపడుతుంది. సంచి ఎక్కడ పెట్టాలో చూపించేదాకా మీరుగా పెట్టకండి, చోటు మారితే ఎదురు పని చేస్తుంది. గోడకు బిగించే కర్ర నిచ్చెన లాంటిది జర్మన్ గదుల్లో ఉంటుంది. మనింట్లో గట్టి కిటికీ ఊచలు చాలు.

రోజూ ఎంతసేపు చేయాలి?

నేర్చుకునే మొదటి వారాల్లో వారానికి రెండు మూడుసార్లు మా దగ్గరకు రావాలి. తర్వాత ఇంట్లో రోజుకు అరగంట నుంచి ముప్పావుగంట, వారంలో ఐదారు రోజులు. నెలకోసారి వచ్చి తప్పులు దిద్దించుకోవాలి. ఆదివారం ఒక్కరోజు మూడు గంటలు చేసి మిగతా రోజులు మానేస్తే ఉపయోగం లేదు.

వ్యాయామం కన్నా కష్టమైంది మిగతా రోజంతా ఆ ఆకారాన్ని గుర్తుపెట్టుకోవడం. పళ్ళు తోముకునేటప్పుడు, బస్సు కోసం నిలబడినప్పుడు, హోంవర్కు రాసేటప్పుడు. దానికి బిడ్డ మనసు పెట్టాలి, మనం వెంటపడితే రాదు. "చేశావా, చేశావా" అని రోజూ అడిగే కన్నా, ఆ అరగంట మీరూ పక్కన చాప వేసుకుని కూర్చోండి.

మా ఊళ్ళో ఈ వ్యాయామాలు తెలిసినవాళ్ళు లేరు. ఎక్కడికి వెళ్ళాలి?

ముందు రోగ నిర్ధారణ కావాలి. అది దగ్గర్లోనే అవుతుంది: కాకినాడలో రంగరాయ మెడికల్ కాలేజీ పెద్దాసుపత్రి ఉంది, రాజమండ్రి, ఏలూరు ప్రభుత్వాసుపత్రుల్లో ఎముకల విభాగాలున్నాయి. అక్కడ నిలబెట్టి తీసిన పూర్తి వెన్ను ఎక్స్‌రే అడగండి. పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో వంకర అసలుకన్నా తక్కువగా కనబడుతుంది, ఇది చాలాచోట్ల జరిగే పొరపాటు.

ష్రాత్ లాంటి పద్ధతుల్లో శిక్షణ పొందినవాళ్ళు ఎక్కువగా హైదరాబాదు, విశాఖపట్నం, విజయవాడ లాంటి నగరాల్లో దొరుకుతారు. నేర్చుకోవడానికి ఒకసారి నాలుగైదు రోజులు అక్కడే ఉండి, తర్వాత వీడియో కాల్‌లో దిద్దించుకుంటూ, మీ ఊరి ఫిజియోథెరపిస్టు దగ్గర కొనసాగించవచ్చు. కొత్తవాళ్ళ దగ్గర చేరేముందు మూడు అడగండి. ఏ పద్ధతిలో శిక్షణ తీసుకున్నారు? మా పాప వంకర ఏ రకం? ఎక్స్‌రే చూడకుండా వ్యాయామం మొదలుపెడతారా? మూడోదానికి "పెడతాం" అంటే లేచి వచ్చేయండి.

కరెంటు పెట్టెలు, వేడి దీపాలు మాత్రమే పెట్టి పంపించేస్తుంటే అది వంకరకు చికిత్స కాదు.

పదో తరగతి అయిపోయింది, ఇంటర్‌కి హాస్టల్లో వేస్తున్నాం. ఎలా?

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టే ప్రశ్న ఇదే. తెల్లవారకముందే లేపి రాత్రిదాకా కుర్చీలో కూర్చోబెట్టే చోట ఈ చికిత్స సాగడం కష్టం. ఎదుగుదల ఇంకా మిగిలి ఉండి, వంకర 20 దాటిన పిల్లనైతే ఇంటి దగ్గరి కాలేజీలో చేర్పించమనే చెబుతాను. రెండేళ్ళ చదువుకు దారులు చాలా ఉన్నాయి, ఎదిగే వయసు మళ్ళీ రాదు.

తప్పదంటే చేరేరోజే డాక్టరు రాసిన ఉత్తరం ప్రిన్సిపాల్‌కు ఇవ్వండి. రోజుకు అరగంట, ఒక అద్దం, చాప పరిచే చోటు, అంతే అడగండి. హాస్టళ్ళలో ఫోను ఉండనివ్వరు కాబట్టి వ్యాయామాల ఫోటోలు కాగితం మీద ప్రింటు తీయించి లామినేషన్ చేయించండి. పిల్ల ఇంటికి వచ్చిన ప్రతిసారీ ముందుకు వంచి వీపు చూడండి.

బ్రేస్ వేయమన్నారు. ఈ ఉక్కలో ఎలా వేస్తాం? వ్యాయామమే ఇంకో గంట ఎక్కువ చేయిస్తాం.

వద్దు. వ్యాయామం నేర్పేదాన్ని నేనే చెబుతున్నాను: ఎదిగే బిడ్డకు 25 దాటాక బ్రేస్ స్థానంలో వ్యాయామాన్ని పెట్టకండి. అమెరికా, కెనడాల్లో జరిగి 2013లో వెలువడిన పెద్ద అధ్యయనంలో, బ్రేస్ వేసుకున్నవాళ్ళలో 72 శాతం మందికి ఎదుగుదల ముగిసేసరికి వంకర 50 డిగ్రీలకు చేరలేదు. వేసుకోనివాళ్ళలో అలా బయటపడింది 48 శాతమే. రోజుకు దాదాపు 13 గంటలు, ఆపైన వేసుకున్నవాళ్ళలో 90 శాతానికి పైగా గట్టెక్కారు. స్వీడన్‌లో 25 నుంచి 40 డిగ్రీలున్న 135 మంది పిల్లలను మూడు జట్లు చేసి చూశారు, 2024లో ఫలితం వచ్చింది. రాత్రిపూట బ్రేస్ వేసుకున్న జట్టులో దాదాపు నాలుగింట మూడొంతుల మందికి వంకర అదుపులో ఉంది. స్కోలియోసిస్ వ్యాయామాలు మాత్రమే చేసిన జట్టు, మామూలుగా ఆటాపాటా సాగించిన జట్టు సగం దగ్గరే ఉండిపోయాయి. నా వృత్తికి నచ్చని ఫలితమే అయినా నిజం దాచను. బ్రేస్‌తోపాటు వ్యాయామం చేస్తే కండలు బలహీనపడవు, ఛాతీ బిగుసుకోదు, బ్రేస్‌ను భరించడమూ తేలికవుతుంది.

ఉక్క సంగతికి వస్తే, అది నిజమైన బాధే. కుట్లు లేని పలుచని నూలు బనియను లోపల వేసి, ముడతలు లేకుండా లాగి, దాని మీద బ్రేస్ బిగించండి. రోజుకు రెండు మూడు బనియన్లు మార్చండి. కింద పౌడరు, కొబ్బరినూనె, క్రీము ఏవీ రాయకండి, చర్మం మెత్తబడి ఒరుసుకుపోతుంది. తీశాక ఎర్రమచ్చ అరగంటలో పోతే పర్వాలేదు, పోకపోతే బ్రేస్ చేసినవాళ్ళకు చూపించి సరిచేయించండి. వేసవిలో పగటి గంటలు తగ్గించి రాత్రికి మార్చవచ్చేమో డాక్టరుని అడగండి, మీరుగా తగ్గించకండి.

ఆటలు మాన్పించాలా?

వద్దు. ఆడుకోనివ్వండి, సైకిలు తొక్కనివ్వండి. ఉసేన్ బోల్ట్‌కు స్కోలియోసిస్ ఉంది.

పుత్తూరు కట్టు, తైలం మర్దన, కడ్డీకి వేలాడటం?

కట్టు వైద్యం విరిగిన ఎముకకు సంబంధించింది, ఇక్కడ విరిగిందేమీ లేదు. మర్దన హాయిగా ఉంటుంది, అంతవరకే. కడ్డీకి వేలాడినంతసేపు వెన్ను సాగుతుంది, దిగాక మామూలే. వెన్నును ఎవరైనా గట్టిగా విరిచి "టక్" అనిపించి సరిచేస్తామంటే ఒప్పుకోకండి.

మాటిమాటికీ ఎక్స్‌రే తీస్తే ప్రమాదం కాదా?

వేగంగా ఎదిగే కాలంలో నాలుగు నుంచి ఆరు నెలలకోసారి అవసరం పడుతుంది. అంతకన్నా తరచుగా అక్కర్లేదు, మధ్యలో స్కోలియోమీటరుతో చూస్తాం. వీపువైపు నుంచి కిరణాలు పంపి తీస్తే ఛాతీకి తగిలే మోతాదు తగ్గుతుంది. టెక్నీషియన్‌ని అడగడానికి మొహమాటపడకండి.

పాపకి రాత్రిళ్ళు నిద్రలేపేంత నొప్పి ఉంది. వ్యాయామం మొదలుపెట్టొచ్చా?

ముందు డాక్టరు. రాత్రి నిద్రలేపే నొప్పి, కాళ్ళలో బలహీనత లేదా తిమ్మిరి, మూత్రం ఆపుకోలేకపోవడం, ఛాతీ దగ్గర వంకర ఎడమవైపుకు ఉండటం, కొద్ది నెలల్లోనే బాగా పెరగడం: వీటిలో ఏది కనబడినా ఎమ్మారై అవసరమేమో డాక్టరు చూడాలి. కారణం తేలాకే వ్యాయామం.

ఆపరేషన్ అంటున్నారు. వ్యాయామంతో తప్పించుకోలేమా?

50 దాటిన వంకర ఎదుగుదల ఆగాక కూడా సగటున ఏడాదికి ఒక డిగ్రీ చొప్పున పెరుగుతూ పోతుంది. అక్కడ వ్యాయామం ఆపరేషన్‌కు ముందు ఊపిరికి, తర్వాత కోలుకోవడానికి పనికొస్తుంది. ప్రభుత్వ ఆరోగ్య పథకం (మునుపటి ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) వర్తిస్తుందా లేదా అన్నది ఆ ఆసుపత్రిలోని పథకం సహాయకులను అడగండి.

రేపు సంబంధాలు చూసేటప్పుడు ఇబ్బంది కాదా? పిల్లలు పుడతారా?

పుడతారు. స్కోలియోసిస్ ఉన్న ఆడవాళ్ళలో ఎక్కువమందికి కడుపు, కాన్పు మామూలుగానే జరుగుతాయి. నడుము దగ్గర ఆపరేషన్ అయిన అమ్మాయి మాత్రం కాన్పుకు ముందే మత్తు డాక్టరుకి చెప్పాలి, వెన్నులో ఇచ్చే మత్తు విషయంలో ఆయన జాగ్రత్త పడతారు.

సంబంధాల భయంతో ఈ విషయం దాచి, బ్రేస్ వేస్తే నలుగురికీ తెలుస్తుందని మానేసి, నాలుగేళ్ళ తర్వాత ఆపరేషన్ దాకా వచ్చిన ఇళ్ళను చూశాను. చుట్టాలు ఏమనుకుంటారో అన్న లెక్క వేసుకునేముందు, ఆ పిల్ల అద్దంలో తనను తాను చూసుకుని ఏమనుకుంటుందో ఒకసారి అడగండి. చాలామంది ఎవరితోనూ చెప్పుకోరు, ఓణీ వేసుకోనంటారు, ఫోటోల్లో నిలబడనంటారు.

ఎప్పటికి ఆపొచ్చు?

ఆరు నెలలుగా గోడ మీద గీత మారకపోతే, రిస్సర్ 4 దాటితే, ఆడపిల్లయితే రజస్వలై రెండేళ్ళు గడిస్తే ఎదుగుదల ముగింపుకొచ్చినట్టు. మగపిల్లలు ఇంకాస్త ఆలస్యంగా అక్కడికి చేరతారు. బ్రేస్‌ను డాక్టరు చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గిస్తారు, ఆ దశలో వ్యాయామం తగ్గించకూడదు. అప్పటికి 30 లోపే ఉన్న వంకర తర్వాత సాధారణంగా పెరగదు. అలాంటివాళ్ళు వారానికి రెండు మూడు రోజులు చేసుకుంటే చాలు. 30 నుంచి 50 మధ్య ఉన్నవాళ్ళు కొన్నేళ్ళకోసారి చూపించుకోవాలి. ఆఖరి ఎక్స్‌రే ఫిల్ముని వెలుతురుకు ఎదురుగా పెట్టి ఫోటో తీసి, పిల్ల ఫోనులోనూ మీ ఫోనులోనూ ఉంచండి. తర్వాత ఎప్పుడు, ఏ ఊళ్ళో చూపించుకున్నా డాక్టరు మొదట అడిగేది అదే.